ఉప్పు పద్దు

‘కాంపాక్ట్ క్రాస్ఓవర్’ అన్న మాటకు తెలుగు చేయమంటే మన మిత్రులలో ఒక్కొక్కరు ఒక్కొక్క సమాసం కట్టగలరు. మా బావకు ఆ అవస్థ లేదు. ఆయన దాన్ని ‘ఎత్తు బండి’ అంటాడు. కారు పునాది మీద జీపు రూపాన్ని నిలబెట్టిన వాహనానికి అంతకన్న మంచి పేరు నాకు తోచలేదు.

మైపాడు పక్కన రొయ్యల గుంటలు చేసేవారికి ఈ ఎత్తు విలాసం కాదు. గట్ల మీది దారికి మామూలు కారు దిగితే అడుగు రాసుకుంటుంది. 2012 జూలైలో రెనో డస్టర్, 2013 జూన్‌లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016 మార్చిలో మారుతి బ్రెజా వచ్చాక ఈ తరహా బండ్లు మన పల్లెలకు కూడా చేరాయి. మొదటి రెండూ చెన్నై శివార్లలోనే తయారయ్యేవి. నాలుగు మీటర్ల లోపు పొడవుంటే పన్ను తక్కువ గనుక ఎకోస్పోర్ట్ పొడవును 3,999 మిల్లీమీటర్ల దగ్గర ఆపారు. ఆ ఒక్క మిల్లీమీటరు పొదుపు నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

బావ 2022లో కొన్నది 2014 నాటి డీజిల్ బండి. ఏ సంస్థదన్నది ఇక్కడ అనవసరం. తమిళనాడు నంబరు, 62,000 కిలోమీటర్లు, 3,60,000 రూపాయలు. అప్పటికి అత్తయ్యకు డయాలసిస్ మొదలై రెండు నెలలయింది. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే నెల్లూరు చేరాలి. బండి కొన్నది అందుకోసం. గుంటల పని ఆ తర్వాతి మాట.

మేత లెక్కలు రాసుకునే పుస్తకం చివరి పేజీలలో బండి ఖర్చు కూడా రాసిపెట్టాడు. పోయిన నెల వెళ్లినప్పుడు ఆ పేజీలు నా ముందు పెట్టి, “అమ్మేద్దామా, ఉంచుకుందామా, నువ్వు చెప్పు బావా” అన్నాడు. మూడేళ్లకు కూడితే 79,400 తేలింది.

అందులో 40,000 పాత బండి ఎక్కడున్నా అడిగే ఖర్చే. క్లచ్చి సెట్టుకు 19,000. ముందు చక్రాల లోయర్ ఆర్ములు, లింకులకు 9,200. టైమింగ్ బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు కలిపి 11,800. ఈ చివరి దాన్ని బావ కొన్న వారంలోనే మార్పించాడు. మంచి పని చేశాడు. ఇలాంటి ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. అప్పుడు బిల్లు అరవై వేలకు తగ్గదని మెకానిక్ మాట. రబ్బరుకు కిలోమీటర్లతోపాటు వయసు కూడా ఉంటుంది. తిరగని బండిలో సైతం అది ముసలిదవుతుంది. బ్రెజా డీజిల్‌లో బెల్టు బదులు గొలుసు ఉండేది. ఎకోస్పోర్ట్ ఒక లీటరు పెట్రోలు ఇంజనులో బెల్టు నూనెలోనే మునిగి తిరుగుతుంది గనుక, పాతది కొనేవారు నూనె ఎప్పుడు మార్చారు, ఏ నూనె పోశారు అన్న రశీదులు అడిగి తీరాలి. మన చెన్నై పక్కన తయారై అమెరికా వెళ్లిన ఎకోస్పోర్ట్‌లను సైతం అక్కడ ఆయిల్ పంపు బెల్టు విషయమై 2023 చివర వెనక్కి పిలిచారు.

ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పినప్పుడు చాలామంది విడిభాగాల గురించి బెంగపెట్టుకున్నారు. ఇంజను కన్నా దీపాలు, బంపర్ల వంటి ఒంటిమీది సామాను గురించి బెంగపడటం సబబని నా అభిప్రాయం. డస్టర్ డీజిల్ ఇంజను నిస్సాన్ టెరానోలోనూ, మహీంద్రా వెరిటోలోనూ ఉండేది. అటువంటి వాటికి బెల్టులు, ఫిల్టర్లు దొరకడం అంత కష్టం కాదు.

మిగిలిన 39,400 రూపాయలను నేను వేరే కాగితం మీద రాసి, పైన ‘ఉప్పు’ అని పేరు పెట్టాను. ఏసీ కండెన్సరు, గ్యాసుతో కలిపి 13,500. బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, బిగుసుకుపోయిన క్యాలిపర్ పిన్లు 10,400. సైలెన్సరు 8,700. బండిని లాక్కెళ్లడానికి 4,500. వైరింగు 2,300.

ఆ చివరి రెండు అంకెలు ఒకే తెల్లవారుజామువి. అత్తయ్యను కూర్చోబెట్టి తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ కొత్తది. ఆటో పిలిచి, ఆమెను మోసినట్టే ఎక్కించి, గంటన్నర ఆలస్యంగా చేరారు. మధ్యాహ్నం తేలిందేమిటంటే, ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ కొస చిలుము పట్టి పచ్చగా పొడి అయిపోయింది. తీగ ఖరీదు చూస్తే ఏమీ లేదు. వెతకడానికే కూలి అయింది.

సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. వాన నీరు ఆరిపోతుంది గాని ఉప్పు పొర చెమ్మగానే ఉండి, ఇనుమును తుప్పుగా, రాగిని చిలుముగా, కండెన్సరు అల్యూమినియం రేకులను తెల్లటి పొడిగా మారుస్తుంది. దీనికి తోడు రొయ్యల లోడు బండ్లు దారి పొడుగునా కార్చే నీళ్లు. కడిగితే పోదా అంటే, బావ ఇంటి బోరు నీళ్లే ఉప్పన. వాటితో అడుగు కడగటమంటే ఇంకో పూత వేయటమే! అందుకని ఇప్పుడు నెల్లూరులో, అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న నాలుగు గంటలలో, నెలకు రెండుసార్లు మంచినీళ్లతో అడుగు కడిగిస్తున్నాడు. తుప్పు నిరోధక పూత వేయిస్తానన్నాడు కూడా. ఉన్న తుప్పు గీకకుండా పైన తారులాంటిది పూస్తే లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుందని ఆపాను.

“కిలోమీటర్లు చూడబాకండి సార్, ఇది ఏ గాలికి నిలబడిందో అడగండి” అన్నాడు మెకానిక్. చెన్నై నుంచి వచ్చే బండ్ల విషయంలో ఏ నీళ్లలో నిలబడిందో కూడా అడగాలి. 2015 డిసెంబరు వరదలలో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో అక్కడ కార్లెన్ని మునిగాయో అందరం చూశాం. సీటు బెల్టును ఆఖరుదాకా లాగి చూస్తే మురుగు చార కనబడవచ్చు. సీటు పట్టాల కింద, స్టెప్నీ గుంటలో, కార్పెట్ అడుగున ఒండ్రు ఉందేమో వేలితో తడమాలి. నీళ్లలో ఉండగా ఇంజను తిప్పి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి, ఆ బాధ నెలల తర్వాత బయటపడవచ్చు. బావ బండిలో ఆ జాడలు లేవు. ఏడాది దాటి మన రాష్ట్రంలో తిరగాలంటే మన నంబరు తీసుకోవాలి గనుక నిరభ్యంతర పత్రం, లైఫ్ ట్యాక్స్ ఖర్చు ఉండనే ఉంది. అది ఈ 79,400లో చేర్చలేదు.

నన్ను అడిగిన ప్రశ్నకు నా జవాబు, ఉంచుకొమ్మనే. ఇంజను బాగుంది, దాని పని అయిపోయింది. అమ్మితే వచ్చే రెండు లక్షల చిల్లరకు దొరికేది మళ్లీ ఎవరి ఉప్పు మోసిన బండో తెలియదు.

ఒక్కటే అడ్డం. ఇంజను కింది క్రాస్ మెంబర్‌ను మెకానిక్ స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెచ్చులు రాలాయి. కొత్తది, కూలితో కలిపి 29,000 అన్నాడు. పాత ముక్క చెన్నై పుదుపేటలో 9,000కు వస్తుందట. చెన్నైదీ అదే సముద్రం కదా అని బావ బెంగళూరులో విచారిస్తున్నాడు. అది వచ్చేవరకు గట్ల మీదికి పోనివ్వవద్దని, రోడ్డు మీద కూడా నెమ్మదిగానే నడపమని మెకానిక్ గట్టిగా చెప్పాడు. సోమ, బుధ, శుక్రవారాలలో వాళ్లిప్పుడు అరగంట ముందే బయలుదేరుతున్నారు.