రేగడి నేలమీది యద్దె యిల్లు

గుంటూరులో మేమొక పాత యిల్లు కొంటిమి. అమ్మాయి పేర దాచిన సొమ్ము. నెలకింత యద్దె వచ్చునని యాశ. వైశాఖమాసమున బోయి చూచితిమి. గోడలకు క్రొత్త సున్నము వేసియుండెను. ఆ సున్నము దేనిని గప్పుచున్నదో నాడు మాకు దోచలేదు.

వానలు పడగానే వంటయింటి తలుపు బిగుసుకొనెను. కిటికీ మూలనుండి యొక నెఱ్ఱె యేటవాలుగా బైకి బ్రాకెను. మేస్త్రీ సిమెంటు పూసెను. మరుసటి వేసవికి పూసినచోటనే విచ్చెను. ఇట్లు మూడుమారులు జరిగినది. అద్దెకున్నవారు ఖాళీ చేసిపోయిరి. బిడ్డ సొమ్ము గోడపాలు చేసితిమిగదా యని మాకు రాత్రులు నిద్ర లేకపోయెను.

తుదకు వచ్చిన యింజనీరుగారు గోడవంక జూడక, "ఎండలలోగూడ తడి యారని చోటేదైన గలదా?" యని యడిగిరి. మాకు దటాలున జ్ఞప్తికి వచ్చెను. వంటయింటి వెనుక నెవరును నీరు పోయకయే తోటకూర యేపుగా బెరిగెడిది! అద్దెకున్నామె కట్టలు కట్టి పంపగా మురిసి వండుకొంటిమి.

అచ్చట ద్రవ్వించి చూడగా, ఏనాటిదో మట్టిగొట్టపు మురుగుతూము అతుకులు విడి నీరు కారుచుండెను. సోదరీమణులారా, ప్రత్తికిని మిరపకును దల్లివంటిదీ నల్లరేగడి. అందలి మాంట్‌మోరిలొనైటు అను బంకమన్ను నీరు త్రాగి యుబ్బును, ఎండకు గుంచించుకొని బీటలు వారును. ఇల్లంతయు నొక్కసారి లేచి దిగినచో నంత చెఱుపు లేదు. మాయింట నొక మూల తూమునీటికి లేచుచుండ, రెండవ మూల వేపచెట్టు తేమ పీల్చగా దిగుచుండెను. నేల కదలిక కతుకు విడుట, కారిన నీటికి నేల మఱింత కదలుట—ఇదియొక విషచక్రము.

క్రొత్తగా గట్టువారికి, కదలు పొరను దాటి లోతునకు దింపి, అడుగున గడ్డవలె నుబ్బించిన పునాది కంబములు గలవు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థవారు వీనిని రూపొందించిరి. పాతయింటికి మాకా భాగ్యమెక్కడిది? రబ్బరు వలయపు టతుకులుగల ప్లాస్టిక్కు గొట్టములు వేయించి, ఇంటిచుట్టు నీరు వెలికి బోవునట్లు వాలుగా గచ్చు చేయించితిమి. రెండేండ్ల యద్దె దానికే సరిపోయినది. కొనునాడు గోడల రంగుగాక, తూములెన్నడు వేసినవో యడిగియుండవలసినది.

నెఱ్ఱెను వెంటనే పూడ్పింపక, దానిమీద గాజుముక్క నంటించి యొక సంవత్సరము కనిపెట్టితిమి. గాజు పగులలేదు. క్రొత్త సంసారమొకటి చేరినది. తోటకూర మాత్రము రావడము లేదు.