డ్రాప్‌డౌన్‌లో లేని పెద్దమ్మ

మా ఇంటికి ఇంగ్లీష్‌లో ఏ కాగితం వచ్చినా చివరికి నా చేతికే వస్తుంది. బ్యాంకు మెసేజైనా, గ్యాస్ కంపెనీ నోటీసైనా, "ఇంగ్లీష్ మీడియం కదరా, చదివి చెప్పు" అంటుంది అమ్మ. ఎల్‌కేజీ నుంచి కట్టిన ఫీజులన్నీ ఆ ఒక్క మాటతో వసూలు చేసుకుంటోందని నా అనుమానం. కిందటేడు మేలో అలాగే ఒక పీడీఎఫ్ వచ్చింది. నలభై రెండు పేజీలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ వర్డింగ్స్.

డాలస్‌లో అక్కకి డెలివరీ. నాన్న కొట్టు వదిలి రాలేరు, అమ్మ ఒక్కతే మూడు నెలలకి వెళ్తోంది. అమ్మ విమానం ఎక్కడం అదే మొదటిసారి. అమెరికా విజిటర్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. షెంగెన్ వీసాకైతే 30,000 యూరోల కవర్ ఉండాలంటారు, కానీ అది కూడా వైద్యానికి, రోగిని వెనక్కి పంపడానికి అయ్యే ఖర్చుకే. సూట్‌కేసు రాకపోతే ఏంటి, ప్రయాణం మధ్యలో ఆగిపోతే ఏంటి అని ఏ ఎంబసీ అడగదు. అందుకే మనవాళ్లు హాస్పిటల్ అంకె ఒక్కటి చూసి పాలసీ కొనేస్తారు. నేనూ అంతే. పావుగంటలో కొనేసి, "అన్నీ కవర్ అయ్యాయమ్మా" అన్నాను. ఆ పీడీఎఫ్ తెరవకుండానే.

తెరవాల్సిన అవసరం రెండో రోజే వచ్చింది. అమ్మ డాలస్‌లో దిగింది, పెట్టె దిగలేదు. గల్ఫ్‌లో విమానం మారినప్పుడు అక్కడే ఉండిపోయిందట. అక్క ఫోన్ చేసేసరికి మనకి తెల్లవారుజాము. అప్పుడు మొదటిసారి ఆ నలభై రెండు పేజీలు చదివాను, సెమిస్టర్ పరీక్షకి ముందు రాత్రి చదివినట్టు.

అమ్మ భాషలో "పెట్టె పోయింది". పాలసీ భాషలో పోవడం వేరు, ఆలస్యం వేరు, రెండింటికీ వేరే పేజీలు, వేరే లెక్కలు. ఆలస్యమైతే టూత్‌పేస్టు, బట్టలు లాంటి అత్యవసరాలకి పెట్టిన ఖర్చు, బిల్లులు చూపిస్తే ఇస్తారు. అదీ మొదటి 12 గంటలు దాటాకే. దీన్నే డిడక్టిబుల్ అంటారు. తెలుగులో ఎలా చెప్పాలో తెలియక, "12 గంటల దాకా మనమే ఓర్చుకోవాలమ్మా" అన్నాను. "ఓర్పుకి కూడా గంటలు కట్టారా" అంది. నిజంగా పోతే కథ వేరు. అప్పుడు ఒక్కో పెట్టెకి ఇంత, ఒక్కో వస్తువుకి ఇంత అని పరిమితి ఉంటుంది. బంగారం, నగదు లెక్కలోకి రావు. పాడయ్యే తిండి పదార్థాలూ రావు. ఆవకాయ ఆ కోవలోకి వస్తుందా అని అమ్మ అడిగింది. ఆవకాయ పాడవదని వాదించవచ్చు, కానీ నాకంత ధైర్యం లేదు.

బావ చేసిన మంచి పని ఏంటంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి బయటికి రాకముందే కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ రాయించడం. విమానం వాళ్లు ఇచ్చే ఆ కాగితం లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు మాట కూడా వినరు. ఇన్సూరెన్స్ లేకపోయినా విమానం వాళ్ల బాధ్యత విడిగా ఉంటుందని కూడా ఆ రాత్రే తెలిసింది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే ఏడు రోజుల్లో, ఆలస్యమైతే అది చేతికొచ్చాక 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం గరిష్ఠంగా ఎంతనేది డాలర్లలో కాదు, ఐఎంఎఫ్ లెక్క కట్టే ఎస్‌డీఆర్‌లలో ఉంటుంది. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఇదంతా అమ్మకి చెప్పబోతే "నువ్వు పడుకోరా" అంది.

పెట్టె 31 గంటలకి వచ్చింది. ఈలోపు రెండు నైటీలు, చెప్పులు, దువ్వెన, బ్రష్షు, అక్క ఇంట్లో ఏసీ చలికి ఒక బూడిదరంగు శాలువా కొన్నారు. మొత్తం 71 డాలర్లు. బిల్లులన్నీ ఫోటో తీయించి పంపాను. నెల తిరక్కుండా అమ్మ అకౌంట్‌లో డబ్బు పడింది. ఆ వారం నేను హీరోని. నాన్న కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పారు.

జులై చివర్లో పెద్దమ్మ పడిపోయింది.

ఆవిడ అమ్మకి పెద్దమ్మ, నాకు పెద్దమ్మమ్మ. కానీ అమ్మని చూసి నేనూ పెద్దమ్మ అనే పిలిచేవాణ్ణి. అమ్మకి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. రేపల్లె దగ్గర పల్లెలో పెద్దమ్మే పెంచింది, జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. గుంటూరు ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టారని తెలిసిన రాత్రే అమ్మ టికెట్ తేదీ మార్పించమంది. తేదీ మార్పు, ఛార్జీలో తేడా కలిపి 46,300 రూపాయలు. "పర్లేదు నాన్నా, ట్రిప్ మధ్యలో ఆగినా కవర్ ఉంది" అన్నాను. అప్పటికి నేను హీరోనే కదా.

అమ్మ విమానంలో ఉండగానే పెద్దమ్మ పోయింది.

కర్మలయ్యాక క్లెయిమ్ ఫారం తెరిచాను. మా పాలసీలో మధ్యలో తిరిగి రావడానికి కారణం అమ్మ అనారోగ్యమైనా అయ్యుండాలి, లేదా ఆమె ఇమ్మీడియట్ ఫ్యామిలీలో ఒకరు ఆస్పత్రిలో చేరడమో, చనిపోవడమో అయ్యుండాలి. ఇమ్మీడియట్ ఫ్యామిలీ అంటే ఎవరో మూడో పేజీలోనే రాసి ఉంది: భర్త లేదా భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, చట్టబద్ధ సంరక్షకులు. ఫారంలో డ్రాప్‌డౌన్‌లో కూడా అవే, కింద 'అదర్'. మాకు క్లాసులో ఈనమ్ అని చెప్తారు. ముందే రాసిపెట్టిన విలువల్లో ఒకటి ఎంచుకోవాలి, లేనిది చెల్లదు. పెద్దమ్మ ఆ జాబితాలో లేదు. చట్టబద్ధ సంరక్షకురాలు అనడానికి కాగితాలు కావాలి. నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని వెళ్లడానికి మా వాళ్లు ఏ కోర్టుకీ వెళ్లలేదు.

రాత్రి ఒంటిగంటకి కర్సర్ 'పేరెంట్' మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అబద్ధమా అది? పెంచినావిడే కదా. కానీ అమ్మ పాస్‌పోర్ట్ ఆఖరి పేజీలో తల్లి పేరు వేరే. మరణ ధ్రువపత్రంలో పేరు వేరే. పొద్దున్నే అమ్మనే అడిగాను.

"అమ్మ అని పెడితే డబ్బులొస్తాయా?"

"రావచ్చు. పట్టుబడితే మోసం కింద లెక్క."

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నేను ఎన్నిసార్లు అమ్మా అని పిలిచినా ఆవిడ పలికేది కాదు. మీ అమ్మని మర్చిపోతావే, పెద్దమ్మా అను, అనేది. పెద్దమ్మ అనే రాయి."

'అదర్' ఎంచుకుని కింద పెద్దమ్మ అని ఇంగ్లీష్ అక్షరాల్లో రాశాను. తొమ్మిదో రోజు తిరస్కరణ వచ్చింది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయొచ్చు, నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మేం వెళ్లలేదు. వాళ్లు మాట తప్పితే వెళ్లేవాళ్లం. వాళ్లు మూడో పేజీలో చెప్పిందే చేశారు, చదవనిది నేను. వాళ్లకీ ఎక్కడో గీత గీయాలి మరి, మా ఊళ్లో వరసలు కలిపితే సగం మంది బాబాయిలే. అయినా పిన్ని, పెద్దమ్మ, అత్త అందరినీ ఆంటీ అనేసే భాషలో రాసిన గీత అది. ఆ గీత మీద నాకు ఇప్పటికీ కోపమే.

46,300 గురించి నాన్న ఒక్కమాట అనలేదు. అంటే బావుండేది.

తర్వాత మా వీధిలో ఒకావిడ కూతురి దగ్గరికి సిడ్నీ వెళ్తూ తన పాలసీ తెచ్చి నాకిచ్చింది. ఈసారి ముందు నిర్వచనాల పేజీ చదివాను. ఆవిడ కోసం తెలుగులో ఒకటిన్నర పేజీ రాశాను. వీసా రాక ప్రయాణం ఆగితే చాలా పాలసీలు డబ్బివ్వవని, పాస్‌పోర్ట్ పోతే వెంటనే పోలీసు రిపోర్ట్ తీసుకోవాలని, ఎక్కడో వదిలేసి పోగొట్టుకుంటే రాదని. 'ట్రిప్ కర్టెయిల్‌మెంట్'కి ట్రాన్స్‌లేటర్ 'ప్రయాణ సంక్షిప్తీకరణ' అని ఇచ్చింది, అదే పెట్టాను. అమ్మ చదివి, "ఇది తెలుగా? మధ్యలో తిరిగి రావడం అని రాయరాదూ" అని కొట్టేసింది. ఇంకా ఆరు మాటలు కొట్టేసింది.

చెప్పడం మర్చిపోయాను, తిరుగు ప్రయాణంలో కూడా అమ్మ పెట్టె ఆలస్యమైంది. సొంత దేశంలో దిగాక ఆలస్యమైతే ఆ పాలసీ ఏమీ ఇవ్వదు, ఇంట్లో బట్టలుంటాయి కదా అని వాళ్ల లెక్క. నిజమే, ఉన్నాయి. మూడో రోజు వ్యాన్‌లో వచ్చింది. పైనే ఆ బూడిదరంగు శాలువా, ఉతికి మడతపెట్టి, ఒక కవర్లో. "పెద్దమ్మకి చలికాలం పనికొస్తుందని ఉంచా" అంది అమ్మ. దాన్ని బీరువాలో పెట్టింది. దాని బిల్లు ఇంకా నా లాప్‌టాప్‌లో క్లెయిమ్ ఫోల్డర్‌లో ఉంది, వరసలో నాలుగోది, 14 డాలర్ల 97 సెంట్లు.