విశాఖకు ఆకాశమార్గమున

సముద్రముమీదుగా విశాఖపట్టణమునకు విమానములో దిగివచ్చునప్పటి దృశ్యము చూచి తీరవలసినది. యారాడ కొండ, 1933లో తెరువబడిన ఓడరేవు, ఆవల ఉక్కు కర్మాగారపు పొగగొట్టములు ఒకదాని వెంట నొకటి కన్నులబడును. పిల్లలకు చూపుటకై పెద్దలును లేచి నిలుచుట కలదు. అచ్చటనే నా భయము.

ఈ నగరమునకు గాలిదెబ్బ క్రొత్తకాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విమానాశ్రయమునే పాడుచేసినది. కాని తుపాను చెప్పి వచ్చును. ఆకాశమున విమానమును కుదిపెడి గాలి చెప్పకయే రావచ్చును. గెడ్డలోని నీరు రాళ్లమీద సుడులు తిరిగినట్లు గాలి కొండలపైని సుడులు తిరుగును. మేఘములోని నీటిబిందువులను పైలటు రాడారు కనిపెట్టగలదు గాని, నిర్మలాకాశమునందలి సుడిగాలి దానికి చిక్కదు.

అప్పుడేమగును? చేటను చటుక్కున క్రిందికి లాగినచో బియ్యము గాలిలో నిలిచిపోవును గదా! విమానము దిగజారగా బెల్టులేని మనుష్యులును అట్లే పైకెగిరి, కప్పునకు తల కొట్టుకొని, మరల నేలబడుదురు. 2024 మే 21న లండనునుండి సింగపూరునకు పోవుచున్న విమానము, మన బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డున, బర్మామీద, 4.6 సెకండ్లలో 178 అడుగులు దిగజారెను. పదులకొలది జనులు గాయపడిరి. ఒక వృద్ధుడు మరణించెను. బెల్టు దీపము వెలిగిన కొద్ది సెకండ్లకే యిది జరిగినది. అంత వ్యవధిలో నడవలోనున్నవారు తమ చోటికి చేరగలరా?

ఫలాహారములు పంచుచు నిలిచియుండు పరిచారికల గతి మరింత కష్టము. వారును ఒకరి బిడ్డలే. కుదుపు మొదలిడగానే బండికి బ్రేకు వేసి, వేడినీటి పాత్రను నేలనుంచి, వారు కూర్చుండవలెను. కాఫీ యాలస్యమైనదని విసుగుకొనుట మనకు తగదు.

దీపము ఆరినను కూర్చున్నంతసేపు బెల్టు విప్పకుడు. గర్భవతులు దానిని కడుపునకు దిగువగా, తుంటిమీదుగా బిగించుకొనవలెను. నడవలో నుండగా కుదుపు వచ్చినచో దగ్గరి ఖాళీ కుర్చీలో కూర్చుండుడు. అదియు లేనిచో సిగ్గుపడక నేలనే కూలబడి కుర్చీకాలు పట్టుకొనుడు. ఒడిలోని పసిబిడ్డకు వేరు బెల్టు అడిగి తీసికొనుడు. తల్లిబెల్టునే బిడ్డమీదుగా చుట్టరాదు, కుదుపులో తల్లి బరువంతయు బిడ్డపై బడును.