బావగారి కొండ

మైసూరు సీమలో మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్న మా బోటి తెలుగువారికి ఒక అలవాటున్నది. దేశం నుండి చుట్టాలు వస్తే ప్యాలెస్, చాముండి కొండ, బృందావనం చూపించి, రైలెక్కించి, హమ్మయ్య అనుకుంటాము. వాటికి అవతల అడవి ఉన్నదని తెలిసినా, అది చూడవలసిన చోట్ల లెక్కలోకి రాదు. ఆ కొరత తీర్చుకుందామని 2024 ఆగస్టులో కారులో బయలుదేరాము. మేమంటే మేమిద్దరమూ, కారు నడిపిన మా అబ్బాయీ, ఏడేళ్ల మనుమడూ, ఎనభై దాటిన మా మేనత్తానూ.

మైసూరు దాటి నంజనగూడు మీదుగా గుండ్లుపేట చేరితే, అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి కోళిక్కోడుకు, రెండవది ఊటీకి. రెండూ బండీపుర అడవిలో నుంచే పోతాయి. మేము ఊటీ దారి పట్టాము. చేలలో బంతిపూలు విరగబూచి ఉన్నాయి. ఎడారి మీద వానపడ్డట్టు మా మేనత్త ముఖం వికసించింది.

ఈ అడవి ఒకప్పుడు మైసూరు మహారాజులు వేటాడిన చోటు. 1931లో ఇందులో సుమారు 90 చదరపు కిలోమీటర్ల భాగాన్ని వన్యమృగాలకు విడిచి, హిమవద్ గోపాలస్వామి బెట్ట మీది దేవుని పేర వేణుగోపాల వనమన్నారు. 1973లో దేశంలో పులులను కాపాడే పథకం మొదలైనప్పుడు ఎంచిన తొమ్మిది అడవులలో బండీపురం ఒకటి. 2022 లెక్కల ప్రకారం కర్ణాటకలో 563 పులులున్నాయి. మధ్యప్రదేశ్ తరువాతి స్థానం మనదే. వాటిలో ఒక్కటి కూడా మాకు దర్శనమివ్వలేదు. మనుమడు మాత్రం ప్రతి పొదలోనూ ఒక పులిని చూచి లెక్క పెట్టుకున్నాడు.

మా అబ్బాయికి ఈ అడవి మీద వేరే పేచీ ఉన్నది. అతనివి రెండు లారీలు. కోళిక్కోడుకు సరుకు వేస్తాడు. 2009 నుండి ఈ అడవి దారులలో రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు వరకు బండ్లు పోకూడదు. 2010లో హైకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. అంబులెన్సులకూ, కొద్ది బస్సులకూ తప్ప దారి లేదు. ఆలస్యమైన లారీ తెల్లవార్లూ పడి ఉండాలి, లేదా హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా చుట్టు తిరగాలి. “జంతువులకు రాత్రి కావాలి సరే, నా కూరగాయలు కుళ్ళిపోతే ఎవరిస్తారు?” అని అతని వాదన. వయనాడు ప్రజలు కూడా 2019లో ఇదే మాట మీద పెద్ద ఆందోళన చేశారు. ఆ మాటను కొట్టిపారేయలేము. డీజిలు ఖర్చు మా ఇంటి లెక్కలోనే ఉన్నది.

అతను అలా వాదిస్తూ ఉండగానే ముందున్న బండి ఆగింది. రోడ్డు పక్కన ఒక ఆడ ఏనుగు, దాని కాళ్ళ మధ్య గున్న. మా అబ్బాయి ఇంజను ఆపేశాడు. వెనుక వచ్చినవారు కూడా ఆపేశారు. హారను కొట్టిన పాపాన పోలేదెవరూ. తల్లి అటూ ఇటూ చూచి, గున్నను ముందుకు తోసి, తీరుబడిగా దాటింది. మేనత్త మెల్లగా, “ఒరే, రాత్రి అయితే ఆ పసిది నీ లారీకి కనపడేదిరా?” అన్నది. వాడు జవాబు చెప్పలేదు. వాదన మానుకున్నాడనీ కాదు.

మరునాడు చామరాజనగరం మీదుగా బిళిగిరి రంగన బెట్టకు పోయాము. అక్కడి అడవిబిడ్డలు సోలిగలు. కొండమీది రంగనాథుడు తమ ఆడపడుచు కుసుమాలెను పెండ్లాడాడని వారి నమ్మకం. అందుచేత ఆయన వారికి రంగబావ. ఇది వినగానే మేనత్త, “అయితే మన అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నట్టేగదా! వీరూ చెంచులూ ఒక వరసవాళ్ళే!” అని సంబరపడింది.

అక్కడ వేయి మాటలు కన్నడంలో మాట్లాడిన ఒక వృద్ధ సోలిగను ఆమె, “మీదే ఊరు?” అని అడిగింది. ఆయన చెట్ల వైపు చేయి చూపాడు. “అంతకు ముందు?” అన్నది. మళ్ళీ అటే చూపాడు. వారి పల్లెను వారు పోడు అంటారు. మనకు పోడంటే కొండసేద్యం. వారికి ఇల్లూ వాకిలీ. 1974లో ఇది మృగాల అభయారణ్యమైన పిమ్మట ఆ సేద్యం ఆగింది, లోపలి పోళ్ళు కొన్ని బయటికి వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మీద, 2011లో గాని వారి గ్రామసభలకు తేనె, ఉసిరి మొదలైనవి ఏరుకునే సామూహిక హక్కులు కాగితం మీదికి రాలేదు. పులుల అడవిలో అటువంటి హక్కు మొదట పొందినవారు వీరే.

మాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. మా తాతగారు చిత్తూరు జిల్లా నుంచి ఒక చెంబూ, ఒక మూటా పట్టుకొని బెంగుళూరు వచ్చారు. ఆయనను ఏ కాగితమూ ఎవరూ అడగలేదు. ఈనాటికీ ఎవరైనా అడిగితే మేము మా ఊరు చిత్తూరే అంటాము, ఉండేది మాత్రం ఇక్కడ. వేరే ఊరంటూ లేనివాడు, ఉన్నచోటనే ఉండడానికి కాగితం కోసం అన్నేళ్ళు కాచుకోవలసి వచ్చింది. అడవి మృగాలదా, సర్కారుదా, దారిన పోయేవాళ్ళదా అని మేము వాదించుకున్నామే గాని, ఆ పెద్దాయన పేరు మా లెక్కలో ఎక్కడా లేదు.

తిరుగు దారిలో మా అబ్బాయి, “లోడు మధ్యాహ్నానికే ఎత్తిస్తే తొమ్మిదిలోగా దాటిపోవచ్చు, హమాలీ కొంచెం ఎక్కువవుతుంది. నష్టం నష్టమే అనుకో,” అన్నాడు. మేనత్త మాత్రం, “బావగారి వాకిట్లో నుంచి పోయేటప్పుడు ఆ మాత్రం పెట్టుబడి తప్పదు నాయనా,” అన్నది.

పాఠకులలో ఎవరైనా పోదలిస్తే వానలు పడ్డ తరువాత పోండి, చీకటి పడకముందే అడవి దాటండి, తిన్న పొట్లాల కాగితాలు వెనక్కి తెచ్చుకోండి. బిళిగిరిలో సోలిగలు కనబడితే పులి ఏదని అడిగే ముందు, మీదే ఊరని అడగండి.