ఏడు పేర్ల మంచు, ఒక్క జత స్కీలు

మన భాషలో మంచుకు పేర్ల కరవు లేదు. అమరకోశం తుహినం, హిమం, నీహారం, తుషారం అంటూ ఏడు పేర్లు చెప్పింది. చిక్కేమిటంటే ఆ ఏడూ పర్యాయపదాలే గాని ఏడు రకాలు కావు. ధనుర్మాసంలో తెల్లవారుజామున దారి కనబడకుండా కమ్మేసేదీ మంచే, లంబసింగిలో గడ్డి మీద పేరుకునేదీ మంచే, హిమాలయం మీదదీ మంచే. మైదానాల్లోనూ పీఠభూమి మీదా బతికిన వాళ్ళం కనుక అంతకు మించి అవసరం రాలేదు కాబోలు. నాకు వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండల్లో జారేవాడు స్కీలు కొనబోతే, ముందు తేల్చుకోవలసింది మంచు సంగతి.

ఆంగ్లంలో ఒక్కోదానికి ఒక్కో పేరుంది. నేను మాత్రం వంటింటి భాషలో పెట్టుకున్న పేర్లతోనే నెట్టుకొస్తున్నాను. గట్టి చలిలో కురిసిన పొడిమంచు బియ్యప్పిండి, ఊదితే ఎగురుతుంది. దానికి యూటా రాష్ట్రం ప్రసిద్ధి. మా కొండలు పసిఫిక్ సముద్రానికి దగ్గర కావడంతో ఇక్కడ కురిసేటప్పుడు చలి సున్నా డిగ్రీల చుట్టే తచ్చాడుతుంటుంది, పడేది తడిపిండి. స్థానికులు దాన్ని 'కాస్కేడ్ కాంక్రీట్' అని ముద్దుగా పిలుచుకుంటారు. కురవడంలో మాత్రం లోటు లేదు. 1998–99 చలికాలంలో మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు పడి ప్రపంచ రికార్డయింది. ఆ మంచు మీద ఒక జల్లు వాన కురిసి రాత్రికి గడ్డకడితే అప్పడం: పైన పెళుసు, కింద మెత్తన, కాలు ఎప్పుడు దిగబడుతుందో దేవుడికెరుక. వాన ఎక్కువై బిగిసిపోతే నున్నటి గచ్చు. ఏప్రిల్ ఎండకు ఉదయం పదింటికి బొంబాయి రవ్వ, అదే మధ్యాహ్నం రెండింటికి ఇడ్లీపిండి. ఇవన్నీ వేరువేరు రోజుల్లో ఎదురైతే బాధే లేదు. ఒకే రోజున, ఒక్కోసారి ఒకే దిగుడులో, శిఖరం మీద అప్పడం, చెట్ల నీడలో బియ్యప్పిండి, అడుగున ఇడ్లీపిండి తగులుతాయి. మూడు జతలు కారులో వేసుకు తిరిగే శ్రీమంతులున్నారు గాని, కొండ మధ్యలో స్కీలు మార్చుకోవడం వాళ్ళకూ కుదరదు.

ఇక స్కీల సంగతి. కొలతలన్నిటిలోకీ ముందు చూడవలసింది నడుము. పాదం కింద స్కీ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అదే దాని నడుము. ముక్కూ తోకా వెడల్పుగా ఉండి నడుము సన్నగిల్లితే, స్కీని అంచు మీదకు వంచి బరువు మోపినప్పుడు అది విల్లులా వంగి తనంతట తానే మలుపు తిరుగుతుంది. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ తెచ్చిన ఎస్.సి.ఎక్స్. ఈ నడుమును మన ప్రబంధ నాయికల స్థాయికి తీసుకుపోయింది. అంతకు ముందు నిలువెత్తు కన్నా పొడవైన, దాదాపు తిన్ననైన పలకల మీద మలుపు తిరగడానికే ఏళ్ళు సాధన చేసేవారట. తరువాత, 2000ల ఆరంభంలో, షేన్ మెకాంకీ అనే సాహసి నీటి మీద జారే స్కీలను చూసి ప్రేరణ పొంది దీన్ని పూర్తిగా తలకిందులు చేశాడు. లోతైన మంచులో స్కీ తేలాలి గాని కోయనక్కరలేదని అతని వాదం. వోలాంట్ సంస్థ చేసిన అతని 'స్పాచులా'కు నడుమే అన్నిటికన్నా వెడల్పు. ముక్కూ తోకా రెండూ పడవలా పైకి లేచి ఉంటాయి. అతడు 2009లో ఇటలీ డోలమైట్ కొండల్లో ఒక దూకుడులో మరణించాడు. ఈనాడు అంగట్లో దొరికే ప్రతి సర్వోపయోగి స్కీలోనూ ఎలాన్ నడుమూ, మెకాంకీ ముక్కూ కొంత కొంత పాళ్ళలో కలిసే ఉంటాయి. ఆ పాళ్ళు తేల్చుకోవడమే కొనేవాడి పని.

దుకాణంలో రెండు స్కీలనూ అరికాలు అరికాలు కలిపి పట్టుకు చూడండి. నడిమధ్య సందు కనబడితే అక్కడ విల్లు వంపు ఉన్నట్టు. గచ్చు మీద అంచు పట్టు నిలిచేది దాని వల్లే. కొసల దగ్గర ఎడం కనబడితే అది పడవ ముక్కు. తడిపిండిలో కూరుకుపోకుండా తేల్చేది అదే.

నా విషయంలో నడుము సమస్య మోకాలి సమస్య కూడా. కుడి మోకాలి లోపల నెలవంకలా ఉండే మృదులాస్థి అరిగిందని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. స్కీయింగ్ మానమనలేదు, 'మెలితిప్పకండి, చాలు' అన్నాడు. ఆయన ఎన్నడూ స్కీ తొడిగిన పాపాన పోలేదని నా అనుమానం. గట్టి మంచు మీద స్కీ ఒక్క అంచు మీదే నిలుస్తుంది. ఆ అంచు పాదం మధ్య నుంచి ఎంత దూరమైతే మోకాలి మీద అంత మెలి. 110 మి.మీ. నడుముకు ఆ దూరం 55, 80 మి.మీ. నడుముకు 40. కాగితం మీద 15 మిల్లీమీటర్లే. సాయంత్రం మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

అట్లాగని 80తో సరిపెట్టుకుంటే దువ్విన బాటలకే పరిమితం. మా అమ్మాయి ఆ బాటలు వదిలి నాలుగేళ్ళయింది. చెట్ల మధ్యకు పోయి, పది గజాల కింద ఆగి, 'నాన్నా, నువ్వు ఇటు రాగలవు, నిజంగా' అంటుంది. వచ్చే సెప్టెంబరులో కాలేజీకి వెళ్ళిపోతుంది. వెళ్ళే ఊళ్ళో మిట్ట కూడా లేదు. కొనేది పదేళ్ళ మోకాలి కోసమా, ఈ ఒక్క చలికాలం కోసమా? అంగడివాడు అడిగే ప్రశ్నల్లో ఇది ఉండదు.

అద్దెకిచ్చి చూడనిచ్చే చోట మూడు జతలు ఒకే రోజు ప్రయత్నించాను. 104 చెట్ల మధ్య హాయిగా ఉంది గాని గచ్చు మీద రెండో మలుపుకే మోకాలు పలికింది. 88లో రెండు టైటనాల్ రేకులున్నాయి (పేరు చూసి టైటానియం అనుకునేరు, అది అల్యూమినియం మిశ్రలోహం). గచ్చు మీద రైలుబండిలా కదలని నమ్మకం, చెట్ల మధ్యా రైలుబండే. మూడోది 94: కట్టె గుండె, పాదం కింద మాత్రమే రేకు, పడవ ముక్కు, తోక కొంచెమే లేచింది. తడిపిండిలో ముక్కు తేలింది, అప్పడంలో తొట్రుపడినా పడెయ్యలేదు, గచ్చు మీద కాస్త గొణిగింది. అన్నిటికీ పనికొచ్చేది దేనికీ శ్రేష్ఠం కాదని జాణలు పెదవి విరుస్తారు. విరవనివ్వండి. నాకు శ్రేష్ఠత్వం అక్కరలేదు. ఆమె ఆగిన చోటికి చేరితే చాలు. దాన్నే, నా ఎత్తుకు కాస్త పొట్టిగా 172 సెంటీమీటర్లలో, తీసుకున్నాను.

ఇక బైండింగు బిగించే కుర్రవాడు ఒక కాగితం ఇచ్చాడు. బరువు, ఎత్తు, వయస్సు, ఎలా జారుతారు: జాగ్రత్తగానా, మధ్యస్థంగానా, దూకుడుగానా. వీటికి బూటు అడుగు పొడవు కలిపి లెక్కకట్టి, ఎంత బలానికి బూటు స్కీ నుంచి ఊడిపోవాలో నిర్ణయిస్తారు. యాభై నిండితే ఒక మెట్టు తగ్గించి, సులువుగా ఊడేలా పెడతారు. నాకు యాభై ఒకటి. అమ్మాయి పక్కనుంచి తొంగిచూస్తుండగా 'మధ్యస్థం' దగ్గర గీత పెట్టి సంతకం చేశాను.