ఎగతాళి వలన కలుగు కీడు

మన బళ్లారి సీమలో తెలుగు చదువుకొను పిల్లలకు ఎగతాళి యన నేమో వేరుగా చెప్ప నక్కరలేదు. అంగడిలో కన్నడము పలుకునపుడు మన యాస బయటపడిన ప్రక్కవారు నవ్వుదురు. ఆంధ్రదేశమందలి బంధువుల యింటికి పోయిన, మన తెలుగులో కన్నడపు మాట దొరలెనని వారును నవ్వుదురు. అయినను ఇల్లు చేరినంతనే మాకు ఆ బాధ తీరిపోవును. అమ్మ పలుకు, నాన్న పలుకు మా పలుకే గదా!

ఇంట సైతము ఈ ఊరట లేని పిల్లలు కొందరు కలరు. నడక సుకుమారముగా నున్న బాలుని 'ఆడంగి' యనియు, జుట్టు కత్తిరించుకొన్న బాలికను 'మగరాయుడు' అనియు వెక్కిరింతురు. కొందరు తమ శరీర మొకటి, మనస్సు వేరొకటి యని చిన్ననాటనే గ్రహింతురు. కొందరికి తమ జాతి వారిపైననే, అనగా బాలునకు బాలునిపై, బాలికకు బాలికపై, అనురాగము కలుగును. ఇది కోరి తెచ్చుకొన్న దురలవాటు కాదు. రోగమును కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను రోగముల పట్టిక నుండి తొలగించినది. బడిలో పడిన మాట ఇంటిలో చెప్పిన అచటను దెబ్బలు తప్పవేమో యని ఆ పిల్లలు నోరు మెదపరు.

మాలో కొందరము ఇంతకు మునుపు చదివిన వేరొక పాఠశాలలో ఇట్టి బాలు డొకడుండెను. మూత్రశాల దారిలో పెద్ద పిల్లలు కాచియుందురని అతడు ఉదయము నుండి నీరు త్రాగక కూర్చుండెడివాడు. మేము పోయి ఉపాధ్యాయునకు విన్నవించితిమి. "వానిని మగవానివలె నడువుమనుడు" అనుటయే ప్రత్యుత్తరమాయెను. లెక్కలలో తరగతికి మొదటివాడైన అతడు తొమ్మిదవ తరగతి నడుమనే చదువు మానెను. అతడొక్కడే కాదు. తమిళనాడులో యునెస్కో జరిపించి 2019లో వెల్లడించిన పరిశీలనలో, ఇట్టి యువజనులలో సుమారు మూడవ వంతు మంది తాము చదువు మానుటకు బడిలోని వేధింపులే ముఖ్యకారణమనిరి.

మన జిల్లాలోని కల్లుకంబ గ్రామమున జన్మించిన మంజమ్మ జోగతిగారు బాలునిగా పెరిగి, తాను స్త్రీననుకొన్నందులకు ఇల్లు విడువవలసివచ్చెను, భిక్షమెత్తవలసివచ్చెను. ఆమెయే 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైరి. 2021లో పద్మశ్రీ పొందిరి. ఇట్టివారెందరు బడి వాకిటనే ఆగిపోయిరో!

2014లో సుప్రీంకోర్టు తృతీయ లింగమును గుర్తించినది. వయస్సు వచ్చినవారి స్వలింగ ప్రేమ నేరము కాదని 2018లో తీర్పు చెప్పినది. విద్యాలయములలో ట్రాన్స్‌జెండరు వ్యక్తులపట్ల వివక్ష కూడదని 2019 నాటి చట్టము శాసించినది. కాని మూత్రశాల దారిలో చట్టము వచ్చి నిలువదు. తోటి విద్యార్థియే నిలువవలెను.

తల్లిదండ్రులారా! బిడ్డ చెప్పుకొనవచ్చినపుడు చేయి యెత్తక, ముందు పూర్తిగా వినుడు. సోదర విద్యార్థులారా! అట్టి మిత్రుని వెంట నడువుడు; అతనిని పేరుతోనే పిలువుడు; వేధింపు కంటబడిన ఒక ఉపాధ్యాయుడు వినకున్న మరియొకరికి చెప్పుడు. కొలది మందిమైనను మా పలుకును మన్నింపుమని లోకమును కోరుచున్న మనము, మనలో కొలదియైనవారిని మన్నింపకున్న ఆ కోరికకు విలువ యెక్కడిది?