నల్లని అద్దం, చల్లని భ్రమ

వేములపల్లి నుండి ఎండాకాలంలో హైదరాబాదుకు ప్రయాణం చేసిన వారికి ఎండ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తిప్పర్తి, నల్గొండ, నార్కట్‌పల్లి మీదుగా సాగే ఆ దారిలో చెట్టు నీడ కన్న తారు సెగ ఎక్కువ. కంటి ఆపరేషన్ అయిన మా తల్లిగారిని నెలకొకమారు నగరంలోని ఆసుపత్రికి తీసుకొని పోవలసి వచ్చింది. బస్సు ప్రయాణం ఆమె వల్ల కాదు. కావున 2023 తొలినాళ్లలో కొంత అప్పు చేసి ఒక పాత కారు కొన్నాము.

అద్దాలకు నల్లని ఫిల్మ్ వేయించవలెనన్నది ఆమె కోరిక. ఎండ ఒక కారణం, పరదా మరొక కారణం. తెలుగు ఎం.ఏ. చదివిన మాకు అలంకార భేదాలు తెలుసును గాని అద్దాల భేదాలు తెలియవు. దుకాణదారు ఒక చెక్క పెట్టెలో ఎర్రని బల్బు వెలిగించి, దాని ముందు ఫిల్మ్ అంటించిన గాజుపలక నిలిపి, చేయి పెట్టి చూడమన్నాడు. చేతికి వేడి తగలలేదు. "తొంభై ఏడు శాతం వేడి ఆపుతుంది సార్" అన్నాడు. పెట్టె మీద కూడ అదే అంకె ఉన్నది. ఎనిమిది వేలు చెల్లించి, ఉన్నవాటిలో ముదురు రంగు ఏరుకొని, విజయగర్వంతో ఇల్లు చేరాము.

మే నెలలో తొలి ప్రయాణం. నల్గొండ దాటేసరికి వెనుక సీటులో ఉన్న మా తల్లిగారు కిటికీకి ఆనించిన చేయి చప్పున వెనుకకు తీసుకొన్నారు. "బేటా, చీకటైతే అయింది గాని ఇదేమి పెనంలాగా కాలుతున్నది" అన్నారు. నార్కట్‌పల్లి చేరకముందే ఆమెకు కళ్లు తిరిగినవి. కారు ఆపి, ముఖం మీద నీళ్లు చల్లి, గంటసేపు ఒక హోటలు పంకా కింద కూర్చోబెట్టాము. ఆ గంటలో మాకు కలిగిన భయం ఇక్కడ వర్ణించము.

మరునాడు స్టాఫ్ రూములో ఈ గోడు వినిపించగా మా భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుడు నవ్వలేదు, అందుకు ఆయనకు కృతజ్ఞులము. సుద్దముక్క తీసుకొని బల్ల మీదనే లెక్క వేశాడు. సూర్యుని నుండి నేలకు చేరే శక్తిలో కంటికి కనిపించే వెలుతురు నూటికి నలభై పైచిలుకు. కనిపించని పరారుణం సగానికి కొంచెం ఎక్కువ. మిగిలిన కొద్దిపాటిది అతినీలలోహితం. పెట్టె మీది తొంభై ఏడు పరారుణానికి సంబంధించినది. అది కూడ చాల కంపెనీలు మొత్తం పరారుణానికి గాక, తొమ్మిది వందల నుండి వేయి నానోమీటర్ల వరకు గల ఒక చిన్న ముక్కకే కొలిచి చూపుతాయి. దుకాణంలోని ఎర్రబల్బు ఇచ్చేది ప్రధానంగా పరారుణమే. ఆ పరీక్షలో ఫిల్మ్ నెగ్గక ఏమి చేస్తుంది! మనం తిరిగేది బల్బు కింద కాదు గదా, సూర్యుని కింద.

అడుగవలసిన అంకె వేరే ఉన్నది. దానిని టోటల్ సోలార్ ఎనర్జీ రిజెక్టెడ్ అంటారు, అనగా సూర్యశక్తి మొత్తంలో లోపలికి రాకుండ ఆగిన పాలు. అందులోను ఒక మెలిక: ఆ అంకె సాధారణంగా అద్దంతో కలిపి చెప్పేది. ఏ ఫిల్మ్ లేని మామూలు అద్దమే కొంత పాలు ఆపుతుంది. ఇక నలుపు సంగతి. చౌకరకం రంగు ఫిల్మ్ వెలుతురును తిప్పికొట్టదు, తాగుతుంది. తాగిన దానితో అద్దం కాగి, అందులో కొంత లోపలికే సెగ చిమ్ముతుంది. మా తల్లిగారి చేతికి తగిలిన పెనం అదే. సిరామిక్ వంటి మంచి రకాలు దాదాపు తెల్లగా ఉండి కూడ సగం శక్తిని ఆపగలవు.

చట్టం తెలియదనుట మాకు అబద్ధమే అవుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో నూరవది ముందు వెనుక అద్దాలలో డెబ్బై శాతం, పక్క అద్దాలలో యాభై శాతం వెలుతురు దూరవలెనన్నది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్లని ఫిల్ములు కూడదన్నది. తరువాత 2021 నుండి అమలైన సవరణను బట్టి, ఆ శాతాలకు లోబడిన ఫిల్మ్ వాడవచ్చునని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. మన దారిలో ఆపే పోలీసు వారు కేరళ తీర్పు చదివి ఉండవలెనని లేదు, కావున ముందు రవాణా కార్యాలయంలో విచారించుట మేలు. ఇక్కడ ఇంకొక లెక్క. అద్దం ఎనభై శాతం, ఫిల్మ్ డెబ్బై శాతం వెలుతురు వదిలితే రెండు కలిసి వదిలేది యాభై ఆరు. పక్క అద్దానికి చెల్లును, ముందు అద్దానికి చెల్లదు.

నలుపు ఊడబెరికించాము. ఏడాదికి పైగా వట్టి అద్దాలతో తిరిగి, 2024 చలికాలంలో పరీక్షాపత్రం చూపిన దుకాణంలో పక్క అద్దాలకు మాత్రం తెల్లని ఫిల్మ్ వేయించాము. కారులో కొంత మార్పు ఉన్నది. నిలిపిన కారు మాత్రం ఎప్పటివలెనే కాగుతున్నది. ఎంత మంచి ఫిల్మ్ అయినా ఎండను తగ్గించునే గాని, మన తాతల నాటి ఖస్ తడికె వలె చల్లబరచదు. తలుపులు తీసి రెండు నిమిషాలు ఆగి ఎక్కుతున్నాము.

పరదా పోయినదని మా తల్లిగారికి కొంత కష్టమే. "రూమాలు ఉన్నది కదా బేటా" అని తానే సర్దుకొన్నారు. పూర్వం మా వెనుకనే, కుడివైపు కూర్చునేవారు. ఉదయం నగరానికి పోతున్నప్పుడు ఎండ కుడివైపు పడుతున్నదని, సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు కూడ కుడి వెనుక నుండే వస్తున్నదని రెండు ప్రయాణాలలో ఆమెయే కనిపెట్టారు. ఇప్పుడు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఎడమ సీటులోనే కూర్చుంటున్నారు.